మా ఇన్సూరెన్స్ మెయిల్ ఆర్డర్ మందుల సర్వీస్ రివ్యూ: 5కి 2 స్టార్లు, కార్డు మీద మూడక్షరాలు లేవు

ముందే చెప్పేస్తున్నా, కంపెనీ పేరు రాయను. మా ఆయన ఆఫీసు ఇచ్చిన ఇన్సూరెన్స్‌కి తోకలా వచ్చిన మెయిల్ ఆర్డర్ ఫార్మసీ ఇది, ఇక్కడ అమెరికాలో పెద్ద కంపెనీల్లో చేసే మనవాళ్ళు చాలామందికి ఇలాంటిదే ఏదో ఒకటి తగులుకునే ఉంటుంది కాబట్టి పేరు తెలియకపోయినా మీకు అర్థమైపోతుంది. మేం ఉండేది టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో, డాలస్‌కి కాస్త పైన. ఇంట్లో మందులు వాడేవాళ్ళం ముగ్గురం: నాకు థైరాయిడ్, మా ఆయనకి కొలెస్ట్రాల్, షుగర్, మా చిన్నోడికి ఆస్తమా. రెండేళ్ళకి పైగా వాడాక రాస్తున్నా, కోపంలో మాత్రం కాదు, కోపం పోయిన సంవత్సరమే అయిపోయింది.

మంచి ముందు చెప్పాలి కదా. యాప్ బాగుంటుంది, 90 రోజుల మందు ఒకేసారి వస్తుంది, ఆటో రీఫిల్ పెట్టుకుంటే మర్చిపోయే పనిలేదు, మా ఆయన కొలెస్ట్రాల్ మాత్రలు ఒక్కసారి కూడా లేటవ్వలేదు. లైన్లో నిలబడక్కర్లేదు, డ్రైవ్ త్రూలో ముందు కారు వాళ్ళు కూపన్ల గురించి అరగంట మాట్లాడుతుంటే వెనకాల పళ్ళు నూరుకోనక్కర్లేదు. ఆ రెండు స్టార్లూ దీనికే.

కానీ మేమేమీ దీన్ని కోరి ఎంచుకోలేదండి. మా ఇంటికి ఐదు నిమిషాల్లో చిన్న మందుల షాపొకటి ఉంది, నడిపేది మన గుంటూరు వైపు అమ్మాయే, ఇక్కడికొచ్చి ఫార్మసీ చదివి సొంతంగా పెట్టుకుంది, అక్కా అక్కా అంటూ పిలుస్తుంది, చిన్నోడికి ఇన్హేలర్‌కి తగిలించే గొట్టం, అదే స్పేసర్, ఎలా వాడాలో కౌంటర్ బయటికొచ్చి చూపించింది. మొదట్లో మందులన్నీ అక్కడే. ఒకరోజు ఇన్సూరెన్స్ నుంచి లెటర్, రోజూ వాడే మందులైతే రెండు రీఫిల్స్ వరకే బయట షాపులో, మూడోసారి నుంచి మా మెయిల్ ఆర్డర్‌లోనే తీసుకోవాలి, లేదంటే మొత్తం ధర మీరే కట్టుకోండి అని. ఆ మెయిల్ ఆర్డర్ షాపు ఎవరిదయ్యా అంటే ఆ లెటర్ రాసినవాళ్ళదే! అంటే ఏ షాపుకెళ్ళాలో చెప్పేదీ వాళ్ళే, ఆ షాపూ వాళ్ళదే. పెళ్ళిళ్ళ పేరయ్యే పెళ్ళికొడుకయితే ఎలా ఉంటుందో అలాగ.

తర్వాత జూలై వచ్చింది. టెక్సాస్ జూలై గురించి మీకు చెప్పక్కర్లేదు. మా ఆయన షుగర్ ఇంజెక్షన్ పెన్నులు ఫ్రిజ్‌లో ఉండాల్సినవి, డబ్బాలో ఐస్ ప్యాకులేసి పంపిస్తారు, డెలివరీ వాడు మధ్యాహ్నం గుమ్మం ముందు ఎండలో పెట్టి ఫోటో తీసుకుని పోయాడు, నేను పిల్లల్ని స్విమ్మింగ్ నుంచి తీసుకుని ఐదింటికి వచ్చేసరికి ఐస్ ప్యాకులు గోరువెచ్చని నీళ్ళ సంచుల్లా ఉన్నాయి. ఫోన్ చేస్తే 50 నిమిషాలు పాట వినిపించి, డెలివర్డ్ అని చూపిస్తోంది మేడమ్ అన్నారు. డెలివర్ అవ్వలేదని నేనన్లేదు తల్లీ, ఉడికిందంటున్నా. మళ్ళీ పంపించారు, నిజం చెప్పాలి, కానీ అది తేలడానికి ఐదు ఫోన్లు, పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ షాపులో కొనలేం, ఎందుకంటే సిస్టమ్‌లో ఆ నెల మందు మాకు ఇచ్చేసినట్టే లెక్క.

చిన్నోడి ఇన్హేలర్ కథ ఇంకోటి. వాడు అప్పట్లో వాడేది ఫ్లోవెంట్, నారింజ రంగుది, ఆస్తమా పిల్లలున్న ఇళ్ళల్లో అందరికీ తెలిసినదే. 2024 జనవరి నుంచి దాని కంపెనీ జీఎస్‌కే ఆ బ్రాండ్ ఆపేసింది. అదే మందు అదే తయారీ బ్రాండ్ పేరు లేకుండా జెనరిక్‌గా వస్తోంది, లిస్టు ధర, అంటే కంపెనీ ప్రకటించే ధర, కూడా తక్కువే. అయితే హాయిగా దానికి మారిపోవచ్చు కదా అనుకున్నా, మా ప్లాన్ డబ్బులిచ్చే మందుల లిస్టులో అది లేదు. ఎక్కువ ధర బ్రాండ్‌కి డబ్బులిచ్చినవాళ్ళు తక్కువ ధర జెనరిక్‌కి ఇవ్వం అంటున్నారు, మీకేమైనా అర్థమైందా, నాకు అప్పుడు అర్థం కాలేదు. డాక్టర్ ప్రయర్ ఆథరైజేషన్, అంటే ఈ మందే కావాలని ప్లాన్‌ని ముందస్తు అనుమతి అడగడం, పెట్టాడు, రిజెక్ట్, మళ్ళీ పెట్టాడు, చివరికి వేరే మందు, వేరే రకం పరికరం, ఆరేళ్ళ పిల్లోడు గట్టిగా పీల్చాలి దాన్ని, వాడికి ఎక్కడొస్తుంది. అలా ఇబ్బంది పడ్డ పిల్లలు అమెరికా అంతా ఉన్నారు, మావాడొక్కడే కాదు.

ఇది ఎందుకిలా అని మా షాపు అమ్మాయిని అడిగితే నవ్వి, "అక్కా, మీ నాన్నగారు మిర్చి యార్డుకి వెళ్ళేవారు కదా, కమీషన్ వ్యాపారి తెలుసుగా" అంది. అక్కడ పట్టుకున్నా విషయం. మందు తయారుచేసే కంపెనీకి, డబ్బు కట్టే ఇన్సూరెన్స్‌కి మధ్యలో కూర్చునే దళారీ ఉంటాడు, పీబీఎం అంటారు, ఏ మందు లిస్టులో ఉండాలి, ఏది ఉండకూడదు, షాపుకి ఎంతివ్వాలి, మనం ఎంత కట్టాలి అన్నీ వాడే తేలుస్తాడు. లిస్టులో పెట్టినందుకు కంపెనీ రిబేటు ఇస్తుంది. ఆ రిబేటు చాలాసార్లు లిస్టు ధరలో ఇంత శాతం అని ఉంటుంది, కాబట్టి ధర ఎక్కువున్న మందుకి రిబేటూ ఎక్కువ. తక్కువ ధర జెనరిక్‌లో రిబేటు ఏముంటుంది, బూడిద. మరి మనకేమో డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ కట్టేముందు మన జేబులోంచి పెట్టుకోవాల్సిన మొత్తం, తీరేదాకా రిబేటు తీసేసిన ధర కాదు, లిస్టు ధర మీదే లెక్క. యార్డులో కమీషన్ వ్యాపారి రైతు దగ్గర కమీషన్ తీసుకుంటాడు, కనీసం ఎంతో రైతుకి తెలుస్తుంది. ఇక్కడ ఎవరు ఎవరికి ఎంతిచ్చారో ఎవరికీ తెలియదు.

ఈ దళారీల్లో మూడే పెద్దవి: సీవీఎస్ కేర్‌మార్క్, ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్, ఆప్టమ్ ఆర్‌ఎక్స్. దేశంలో మందుల చీటీల్లో 80 శాతం దాకా ఈ మూడిటి చేతుల మీదుగానే పోతాయని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 జూలై రిపోర్టులో రాసింది. మూడిటికీ సొంత ఇన్సూరెన్స్ కంపెనీలతో చుట్టరికం ఉంది: ఒకటి ఏట్నా, ఒకటి సిగ్నా, ఒకటి యునైటెడ్ హెల్త్. మూడిటికీ సొంత మెయిల్ ఆర్డర్ ఫార్మసీలున్నాయి. 2025 జనవరిలో వచ్చిన రెండో రిపోర్టు ఇంకా ఘాటు: కేన్సర్ లాంటి జబ్బులకి వాడే స్పెషాలిటీ జెనరిక్ మందుల మీద ఈ మూడిటి సొంత ఫార్మసీలు 2017 నుంచి 2022 మధ్యలో మందు కొనుబడి అంచనా ధర కంటే 730 కోట్ల డాలర్లు ఎక్కువ రాబట్టుకున్నాయట. జెనరిక్ మందులండీ అవి, పేటెంట్ అయిపోయినవి!

దీంట్లో మనకి కొంచెం నవ్వొచ్చే సంగతేంటంటే, ఈ దేశంలో వాడే జెనరిక్కులు చేసేవాళ్ళలో చాలామంది మనవాళ్ళే. మీ ఇంట్లో సీసా తిప్పి చిన్నక్షరాలు చదవండి ఒకసారి, క్యాంబర్ అని ఉంటే అది హెటెరో వాళ్ళది, అడ్రసు పోలేపల్లి, జడ్చర్ల, మహబూబ్‌నగర్ అని కనిపించొచ్చు. అరబిందో, డాక్టర్ రెడ్డీస్, ఎమ్మెస్సెన్, గ్రాన్యూల్స్ అన్నీ ఇక్కడి అల్మరాల్లో ఉంటాయి. జడ్చర్ల నుంచి సముద్రాలు దాటొచ్చిన మాత్ర ఈ దేశంలో అడుగుపెట్టాక ఫ్రిస్కోలో నా చేతిలోకి రావడానికే అసలు ఖర్చంతా. మా అత్తగారు వచ్చినప్పుడు తన బీపీ మాత్రలు ఆరు నెలలకి సరిపడా సంచిలో తెచ్చుకుంటుంది, ఇక్కడి బిల్లు ఆమెకి చూపిస్తే అది మందుల బిల్లని నమ్మలేదు, ఆపరేషన్ చేయించుకున్నారా అని అడిగింది.

ఇంకో సంగతి, నా థైరాయిడ్ మాత్రలు. మెయిల్ ఆర్డర్‌లో 90 రోజులకి కోపే, అంటే మనం కట్టాల్సిన వాటా, 30 డాలర్లు. ఒకసారి పార్సిల్ పోతే షాపుకెళ్ళా, ఆ అమ్మాయి "అక్కా ఇన్సూరెన్స్ కార్డు లోపల పెట్టేయ్, క్యాష్ అయితే 16" అంది. కార్డు వాడితే 30, వాడకపోతే 16! ఏడాదిన్నర 30 చొప్పున కట్టా నేను. ఇది నా ఒక్కదాని పిచ్చితనం అనుకున్నా గానీ, సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ళు 2013 నాటి బిల్లులు తిరగేసి 2018లో అచ్చేసిన లెక్క ప్రకారం 23 శాతం సార్లు జనం కట్టిన కోపే మందు అసలు ఖర్చు కంటే ఎక్కువుందట. క్లాబ్యాక్ అంటారు దీన్ని. అంతకన్నా దారుణం, ఒకప్పుడు ఫార్మసిస్టు ఈ మాట మనకి చెప్పకూడదని కాంట్రాక్టులో రాయించుకునేవాళ్ళు, గ్యాగ్ క్లాజ్ అని. నోటికి ప్లాస్టర్. చాలా స్టేట్స్ దాన్ని తీసేస్తూ వచ్చాయి, 2018 అక్టోబర్‌లో ఫెడరల్ చట్టమే వచ్చి దేశమంతా తీసేసింది. కానీ చెప్పొచ్చు అన్నారు గానీ చెప్పాలి అన్లేదు, మనం అడగాలి. ఇంకా మెయిల్ ఆర్డర్‌లో అడగడానికి మనిషేడీ, చాట్ బాట్‌ని అడిగితే మీ కోపే 30 డాలర్లు అంటుంది, అది దాని తప్పు కాదు పాపం.

ఆ రోజే ఆ అమ్మాయి తన స్క్రీన్ ఇటు తిప్పి చూపించింది. ఒక మందు సీసా తను కొన్నది 31 డాలర్లకి, కస్టమర్ కోపేతో కలిపి తనకి మొత్తం వచ్చింది 27. నాలుగు డాలర్లు చేతి నుంచి పెట్టి మందివ్వాలి, ఇవ్వనంటే కస్టమర్ పోతాడు, ఇస్తే నష్టం. పోనీ ఆ కస్టమర్ పనిచేసే కంపెనీ ఆ మందుకి ఎంత కట్టిందో తనకి తెలియదు. ఇక్కడే స్ప్రెడ్ అనేది: యజమాని దగ్గర 45 తీసుకుని షాపుకి 27 ఇస్తే మధ్యలో 18 దళారీది. ఇదేదో ఊహ కాదు, ఒహాయో స్టేట్ ఆడిటర్ 2018లో అక్కడి మెడికెయిడ్ లెక్కలు తీస్తే ఒక్క ఏడాదిలో ఇలా మధ్యలో మిగిలింది 22 కోట్ల 48 లక్షల డాలర్లు. పేదవాళ్ళ మందులకి కట్టిన పన్నుల సొమ్ము అది. ఆ దెబ్బతో ఒహాయో పాత పద్ధతి మార్చేసి మెడికెయిడ్ మొత్తానికి ఒకే పీబీఎంని తెచ్చుకుంది. వెస్ట్ వర్జీనియా అయితే 2017లోనే మెడికెయిడ్ మందుల పని దళారీల దగ్గర్నుంచి లాగేసుకుని తనే చేసుకుంది, మొదటి ఏడాదే 5 కోట్ల 40 లక్షలు మిగిలిందని చెప్పింది.

మరి మా టెక్సాస్ ఏం చేసిందని వెతికా, చేసింది! 2021లో రెండు చట్టాలు, రెండూ ఆ సెప్టెంబర్ 1 నుంచే. ఒకటి పీబీఎం తన సొంత ఫార్మసీకే రోగుల్ని తోలడానికి వీల్లేదని, ఇంకోటి సొంత ఫార్మసీకి ఎక్కువిచ్చి బయట షాపుకి తక్కువివ్వకూడదని. చదివి ఎగిరి గంతేశా. నాకొచ్చిన లెటర్ అచ్చంగా ఆ తోలడమే కదా. ఇంకేముంది, టెక్సాస్ ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్‌కి, అదే టీడీఐకి, కంప్లయింట్ పెడదామని కూర్చున్నా. ఫారం నింపుతుంటే ఒక ప్రశ్న, మీ కార్డు మీద టీడీఐ అని గానీ డీఓఐ అని గానీ ఉందా?

కార్డు తీసి చూశా. ముందు చూశా, వెనక చూశా, కళ్ళజోడు పెట్టుకుని చూశా. లేదు.

అసలు సంగతి అక్కడుంది, ఈ రివ్యూ రాయడానికి కారణం కూడా అదే. ఆ మూడక్షరాలు ఉంటే మీ ప్లాన్ స్టేట్ చట్టాల కిందకి వస్తుంది. లేకపోతే చాలావరకు సెల్ఫ్ ఫండెడ్, అంటే ఇన్సూరెన్స్ కంపెనీ లోగో ఉన్నా అసలు డబ్బు కట్టేది మీ ఆఫీసే, అలాంటి ప్లాన్లు ఎరిసా అనే 1974 నాటి ఫెడరల్ చట్టం కిందకి పోతాయి, టీడీఐ చెయ్యి అక్కడిదాకా పోదు. ఆఫీసు ఇన్సూరెన్స్ ఉన్న ఉద్యోగుల్లో 60 శాతం పైన ఇలాంటి ప్లాన్లలోనే ఉన్నారు. ఎంత పెద్ద కంపెనీ అయితే అంత ఛాన్స్ ఎక్కువ. మా ఫ్రెండ్ వాళ్ళాయన చిన్న కన్సల్టెన్సీలో చేస్తాడు, మేమందరం పాపం వాళ్ళది చిన్న కంపెనీ, ఇన్సూరెన్స్ ఎలా ఉందో ఏంటో అనుకునేవాళ్ళం, వాళ్ళ కార్డు మీద కింద మూలన బుజ్జిగా టీడీఐ అని ఉంది! తనకీ మాలాంటి లెటరే వస్తే కంప్లయింట్ పెట్టింది, మూడు వారాల్లో మీరు మీ పాత షాపులోనే తీసుకోవచ్చు అని జవాబొచ్చింది. నేను హెచ్ఆర్‌ని అడిగితే సెల్ఫ్ ఫండెడ్ అంటే ఏంటో వాళ్ళకే చెప్పాల్సొచ్చింది.

దీని మీద కోర్టుల్లో పెద్ద యుద్ధమే నడిచింది, నడుస్తోంది. ఆర్కాన్సా 2015లో ఒక చట్టం చేసింది, షాపు మందు కొన్న ధర కంటే తక్కువ ఇవ్వకూడదని. పీబీఎంల సంఘం కోర్టుకెక్కింది, సుప్రీంకోర్టు 2020 డిసెంబర్‌లో 8-0 తో ఆర్కాన్సాదే రైట్ అంది, స్టేట్ ధరల మీద ఇలా రూల్ పెడితే ఎరిసా అడ్డు రాదని. అందరూ పండగ చేసుకున్నారు. తర్వాత ఓక్లహోమా, మాకు గంట డ్రైవ్ కూడా లేదు, మనవాళ్ళు వీకెండ్ కేసినోకి పోయే రూటే, 2019లో చేసిన చట్టం ఇంకాస్త ముందుకెళ్ళింది: షాపు దగ్గర్లో ఉండాలి, రూల్స్‌కి ఒప్పుకునే ఏ షాపునైనా నెట్‌వర్క్‌లో చేర్చుకోవాలి, సొంత ఫార్మసీకి రమ్మని డిస్కౌంట్ ఆశ పెట్టకూడదు అని. 2023లో అక్కడి ఫెడరల్ అప్పీల్ కోర్టు అవి చెల్లవంది, 2025 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ కేసు తీసుకోనంది. అంటే నాకర్థమైంది ఏంటంటే షాపుకి ఎంతివ్వాలో స్టేట్ చెప్పొచ్చు, నేను ఏ షాపుకెళ్ళాలో మాత్రం మా ఆఫీసు ప్లాన్‌కి చెప్పలేదు. మా టెక్సాస్ ఆ అప్పీల్ కోర్టు కిందకి రాదనుకోండి, అయినా నా పరిస్థితి మారలేదు.

ఆర్కాన్సా మళ్ళీ ఊరుకోలేదు, 2025లో పీబీఎంకి అసలు ఫార్మసీ లైసెన్సే ఉండకూడదని చట్టం చేసింది, 2026 జనవరి నుంచి అమలన్నారు. పేరయ్య, పెళ్ళికొడుకు ఒకళ్ళే కాకూడదని సూటిగా చెప్పిన మొదటి స్టేట్ అదే. సీవీఎస్ అక్కడున్న 23 షాపులూ మూసేయాల్సొస్తుందంది, జూలైలోనే ఫెడరల్ జడ్జి ఆపేశాడు. నాకు ఆ చట్టం మీద రెండు మనసులు, నిజంగా. కడుపు మంట చల్లారేది అదే, కానీ పల్లెటూళ్ళో ఉన్న ఒక్క షాపూ మూతపడితే ముసలివాళ్ళు ఎక్కడికెళ్తారు? కాలిఫోర్నియా 2025లో చేసింది నాకు ఇంకా నచ్చింది, స్ప్రెడ్ వద్దు, పీబీఎం లైసెన్స్ తీసుకోవాలి అని. అక్కడా మళ్ళీ అదే ప్రశ్న, మన ప్లాన్ ఏ రకం.

ఇప్పుడు మేం ఏం చేస్తున్నామంటే, థైరాయిడ్, కొలెస్ట్రాల్ రెండూ మెయిల్ ఆర్డర్ నుంచి తీసేశాం. మార్క్ క్యూబన్ అనే వ్యాపారవేత్త పెట్టిన కాస్ట్ ప్లస్ డ్రగ్స్ వాడి చూశా, అదీ మెయిల్ ఆర్డరే, దానికి నేను నాలుగు స్టార్లిస్తా. కొన్న ధర, దాని మీద 15 శాతం, ఫార్మసీ పనికి 5 డాలర్లు, షిప్పింగ్ 5, అంతా బిల్లు మీద విడివిడిగా కనపడుతుంది, నాకు ఆ బిల్లు చదవడమే ఒక ఆనందం. 2022 జనవరిలో మొదలైనప్పుడు వేలల్లో పలికే ఇమాటినిబ్ అనే బ్లడ్ కేన్సర్ మందు 47 డాలర్లకి పెట్టారు. ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే మేం ఇన్సూరెన్స్ లేకుండా కడుతున్నాం కాబట్టి అది మా డిడక్టిబుల్‌లో కలవదు, పైగా అర్జెంటుగా కావాల్సిన మందుకి పనికిరాదు. ఇంటి దగ్గర షాపుకి ఐదు, అడగనవసరం లేదు, ఆ అమ్మాయి నా స్టార్లతో బతకదు గానీ.

షుగర్ పెన్నులు మాత్రం ఇంకా ఈ మెయిల్ ఆర్డర్‌లోనే, అవి క్యాష్‌కి కొనే స్తోమత మాకు లేదు. ఎండాకాలం డెలివరీ శనివారానికే పెట్టించుకుంటున్నా, మా ఆయన గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కాపలా. మీరు కూడా వాడుతుంటే ఫోన్ చేసి సంతకం లేకుండా పెట్టి పోవద్దని నోట్ రాయించుకోండి, యాప్‌లో ఆ ఆప్షన్ కనపడదు.

నవంబర్‌లో ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్, అదే ఏడాదికోసారి ప్లాన్ ఎంచుకునే సమయం, అయిపోయి కొత్త కార్డు వచ్చింది. కవరు చించగానే మా ఆయన కింద మూల చూశాడు, నేను వెనక చూశా. రంగు మార్చారంతే. చిన్నోడి ఇన్హేలర్ మీద మిగిలిన డోసుల లెక్క 14 చూపిస్తోంది, షాపు ఆరింటికి మూసేస్తుంది, కొత్త కార్డుతో ఏం చెప్తుందో చూడ్డానికి బయల్దేరుతున్నా.